ఒకరికి ఒకరే తోడు

ఏప్రిల్ 6, 2024, శనివారం

ఎలక్షన్ ఆర్డర్ వచ్చింది. హెచ్ఎం సార్ రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని కాగితం చేతికిచ్చారు. నిస్సీ, స్కూల్ అసిస్టెంట్, మ్యాథ్స్. ప్రిసైడింగ్ ఆఫీసర్. పదకొండేళ్ల సర్వీసులో రెండుసార్లు ఎలక్షన్ డ్యూటీకి వెళ్లాను. రెండుసార్లూ వేళ్లకు సిరా పూసి వచ్చాను. ఈసారి బూత్ మొత్తం నాదే.

పోలింగ్ మే 13, సోమవారం. సామాను తీసుకోవడానికి ముందురోజు తెల్లవారే హాజరు కావాలి. ముందురోజు ఆదివారం. మా చర్చిలో పిల్లల వేసవి బడి అయిపోయేది ఆ రోజే. నలభై మంది పిల్లలకు పాటలూ వాక్యాలూ నేర్పేది నేనే. మా అమ్మాయి ఐశ్వర్య ఈసారి ఒక్కతే నిలబడి పాడాలి. తొమ్మిదేళ్ల పిల్ల, ఇప్పటినుంచే దడ.

చూద్దాం.

ఏప్రిల్ 7, ఆదివారం

ఆరాధన అయ్యాక మా పాస్టరు గుణశేఖర్ అయ్యగారికి చెప్పాను. ఆయన ముఖం మారింది. డ్యూటీ తప్పించుకోమన్నారు. డాక్టరు కాగితం దొరుకుతుందన్నారు. ఎవరెవరో తప్పించుకుంటున్నారు, దేవుని పని ఉన్నదానివి నీకేమి అన్నారు.

"ఆదివారం దేవునిదమ్మా. సర్కారుకు ఆరు దినాలు ఉండాయి గదా."

నాకు జబ్బు లేదు అన్నాను. అబద్ధపు కాగితంతో వచ్చి పిల్లలకు ఏ వాక్యం నేర్పాలి అని కూడా అనాలనుకున్నాను. అనలేదు. ఆయన నన్ను నీళ్లలో ముంచి బాప్తిస్మమిచ్చిన మనిషి. నా పెళ్లి చేసినవారు. అమ్మను మట్టి చేసిన రోజు ఆ వానలో గొడుగు నాకిచ్చి తాను తడిసినవారు.

ఏప్రిల్ 8, సోమవారం

నాయనకు చెప్పాను. నాయన చెంగల్రాయుడు ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ డ్రైవరు. చిత్తూరు–తిరుపతి రూటు. "ఆదివారం నేను బస్సు నిలబెట్టి గుడికి పోయింటే, బస్సులో ఉండేవాళ్లు ఏం జేసుండాల?" అన్నాడు. అంతే. మళ్లీ పేపరు చదువుకున్నాడు.

ఏప్రిల్ 24

ట్రైనింగ్. హాల్లో ఫ్యాన్లు తిరగలేదు. రెండు మిషన్లు, ఒకటి పార్లమెంటుకు, ఒకటి అసెంబ్లీకి. మాక్ పోల్, సీలు, ఫారాలు. గైడ్‌బుక్ ఇంటికి తెచ్చుకుని పదో తరగతి పరీక్షకు చదివినట్టు చదువుతున్నాను. మా ఆయన భాను నవ్వుతున్నాడు. ఆయనకు మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో సీజను, రోజూ రసం మరకల షర్టుతో వస్తాడు.

మే 3, శుక్రవారం

పిల్లల బడి మొదలైంది. సాయంత్రం అయ్యగారు పెద్దల మీటింగు పెట్టారు. ఒక నాయకుడు మాటిచ్చాడట. ఏ పార్టీ అనేది ఈ పుస్తకంలో కూడా రాయను, డ్యూటీలో ఉన్నాను. మాట ఏమిటంటే, సమాధుల స్థలం.

మాకు సమాధుల స్థలం లేదు. పూతలపట్టులో మా సంఘంలో ఎవరు పోయినా వంక గట్టు మీద పూడ్చుకుంటాం. ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డం వస్తారు, ఎవరో ఒకరు సర్ది చెబుతారు. అమ్మను 2019లో అక్కడే పెట్టాం. 2021 నవంబరు వానలకు వంక పొంగి గట్టు కోసుకుపోయింది. నేనూ నాయనా పోయి చూస్తే సిలువ లేదు, మట్టి లేదు, చెట్టు వేరు ఒకటి గాల్లో వేలాడుతోంది. అప్పటినుంచి ఆ దారిన నాయన పోవడం మానేశాడు.

అయ్యగారికి తొమ్మిది కిలోమీటర్ల అవతల ఎర్రమిట్టలో ఇంకో చిన్న సంఘం ఉంది. అక్కడ పోరంబోకు భూమి ఉంది. గెలిస్తే ఆ భూమిని రెండు సంఘాలకూ సమాధులకు ఇప్పిస్తాడట. ఎర్రమిట్ట కాలనీ ఓట్లన్నీ మాత్రం తనకే పడాలి.

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. నిజంగానే అన్నాను.

మే 5, ఆదివారం

కైసరు నాణెం గురించి ప్రసంగం. రాజుది రాజుకు, దేవునిది దేవునికి ఇవ్వాలి అన్నంతవరకు బాగుంది. తర్వాత ఏ గుర్తో పేరు చెప్పకుండా చెప్పారు. ముసలివాళ్లు కూడా అర్థం చేసుకుని నవ్వారు. నేను పాటల పుస్తకం తెరిచి కూర్చున్నాను.

పోస్టల్ బ్యాలెట్ వేసేశాను. ఎవరికి అన్నది నాకూ దేవునికీ తెలుసు.

మే 9

డాక్టరు కాగితం కోసం అయ్యగారు మళ్లీ ఫోన్ చేశారు. తీసుకోను.

మే 12, ఆదివారం, ఉదయం 4:50

ఐశ్వర్య నిద్రలోనే ముద్దు పెట్టించుకుంది. పాట రెండో చరణం మరచిపోకుండా అరచేతిలో రాసుకుని పడుకుంది. భాను వీడియో తీస్తానన్నాడు. నాయన నన్ను స్కూటర్ మీద బస్టాండులో దింపాడు. ప్రార్థన చేయడానికి టైం లేక, స్కూటర్ వెనక కూర్చునే చేసుకున్నాను. కళ్లు తెరుచుకునే.

అదే రోజు, 11:20

కాలేజీ గ్రౌండులో షామియానా కింద ఉన్నాం. ఇప్పుడే బూత్ నంబరు ఇచ్చారు. నేనుండే నియోజకవర్గం కాదు, పక్కది. రూలు అదే. కానీ ఊరి పేరు చూసి రెండోసారి చదువుకున్నాను.

ఎర్రమిట్ట.

ఇన్‌ఛార్జిని అడిగాను, మా పాస్టరుగారి సంఘం ఉండే ఊరు, మార్చడానికి వీలుంటుందా అని. ఆ ఊళ్లో చుట్టాలున్నారా, ఇల్లుందా, ఓటుందా అని అడిగాడు. లేవు అన్నాను. "అట్లయితే ఏమి మేడం, పొండి" అన్నాడు.

అదే రోజు, సాయంత్రం 5:30

ఎర్రమిట్ట ప్రైమరీ స్కూలు. ఒకే గది, వెనక వేపచెట్టు. నాతో ఉన్నవాళ్లలో పెద్దాయన ధనంజయ, పశువుల ఆసుపత్రిలో జూనియర్ అసిస్టెంట్, నాకు అసిస్టెంటు. నెమ్మదైన మనిషి. బెంచీలు సర్ది, ఓటు వేసే చోటికి అట్టలు నిలబెట్టాం. భాను వీడియో పంపాడు. సిగ్నల్ లేదు, తిరుగుతోంది, తిరుగుతోంది.

పిల్ల పాడుతుంటే నేను అట్టలకు టేపు వేస్తున్నాను. బాధగా ఉంది. తప్పు చేశానని మాత్రం అనిపించడం లేదు.

మే 14, మంగళవారం

నిన్నటిది నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను, మొత్తం.

అయిదున్నరకు మాక్ పోల్. ఏజెంట్ల ముందు యాభై ఓట్లు వేసి, లెక్క చూపి, చెరిపి, సీలు వేశాం. ఏడుకు మొదలు. పది వరకు లైను తెగలేదు. ఎండ గది లోపలికి కూడా వచ్చింది. ధనంజయ గారు అందరినీ పేరుతో పిలిచి పంపుతుంటే ఏదో శుభలేఖలు పంచుతున్నట్టుంది.

పదకొండు దాటాక గేటు దగ్గర ఆటో ఆగింది. అయ్యగారు దిగారు. తెల్లచొక్కా, చేతిలో గొడుగు. వెనక ఆరుగురు ముసలమ్మలు, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని. నన్ను చూసి ఆయన ఆగిపోయారు. తర్వాత నవ్వారు. దేవుడే నిన్నీడ పెట్టినాడు అన్నారు. అందరికీ వినబడేటట్టే అన్నారు.

మొదట పంకజాక్షమ్మ. రెండు కళ్లూ లేవు. ఇంట్లో ఎవరూ లేరు, అయ్యగారే నాకు తోడు అంది. చూపు లేనివాళ్లు తమ తరఫున ఓటు వేయడానికి ఒకరిని తెచ్చుకోవచ్చు. ఆయన చేత డిక్లరేషన్ రాయించాను. వేరే ఎవరికీ తోడు వెళ్లలేదని, ఆమె ఓటు ఎవరికీ చెప్పనని. ఆయన కుడి చూపుడు వేలికి సిరా పూయించాను. తోడు వచ్చినవాళ్లకు కుడివేలికి పూస్తాం. ఇద్దరూ లోపలికి వెళ్లి వచ్చారు. అంతవరకు బాగానే ఉంది.

రెండో ఆమె నాగులమ్మ. డెబ్భై దాటి ఉంటుంది. అయ్యగారు ఆమె చెయ్యి పట్టుకుని అట్టల వైపు నడుస్తున్నారు.

ఆగమన్నాను.

ఒకరికి ఒకరే తోడు అయ్యగారూ, మీది అయిపోయింది అన్నాను. అది రూలు. ఆయన విననట్టే, ఈమెకు చదువు రాదు, గుర్తు తెలీదు, నేను చూపిస్తా అన్నారు. చదువు రాకపోవడం గుడ్డితనం కాదు అన్నాను. కిటికీ దగ్గర కూర్చున్న ఏజెంట్లలో మునిరామయ్య అనే ఆయన లేచి, "పాస్టరయ్య గదా మేడం, పోనీండి, ఎవురడగతారు?" అన్నాడు. అవతలి పార్టీ ఏజెంటు, పోనిస్తే కంప్లైంటు రాసి పంపుతానన్నాడు. లైనులో గొంతులు లేచాయి. గేటు దగ్గర కానిస్టేబులు ఇటు చూశాడు.

అప్పుడు అయ్యగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. వంగి, నాకు మాత్రం వినబడేట్టు అన్నారు.

"నిస్సీ, మీ అమ్మ యాడ పండుకోనుండాదో మర్సిపోతివా?"

చేతిలో పెన్ను ఉంది. నేను రాస్తున్న అంకె చెదిరిపోయింది. ఏడా, ఒకటా తెలియకుండా పోయింది. దాన్ని కొట్టి, పక్కన మళ్లీ రాసి, ఇనీషియల్ వేశాను. అంతసేపూ తల ఎత్తలేదు. ఎత్తితే ఏడ్చేదాన్ని.

మరచిపోలేదు అయ్యగారూ అన్నాను. ఆమె కోసం వీళ్ల ఓటు నేను తీసుకోలేను. బయట నీడలో కూర్చోండి అన్నాను. ఇరవై ఆరేళ్లలో ఆయనకు నేను చెప్పిన మొదటి ఆర్డరు. ఆయన బయటికి వెళ్లారు. గొడుగు నా బల్ల మీదే మరిచిపోయారు. ఎండలోనే నిలబడ్డారు, చెట్టు కిందికి పోలేదు.

నాగులమ్మను అడిగాను. అమ్మా, కనబడుతుందా? "పొలంలో కొంగ కనపడతాది. గుర్తు కనపడదా?" అంది. చెయ్యి ఆడుతుందా? చెయ్యి చూపించింది, మల్లెపూల తోటలో పని చేసిన చెయ్యి, వేళ్లు వంకర. ఆడుతుంది. మరి ఇంతకుముందు ఎప్పుడూ ఒంటరిగా వేయలేదా? "ముందు మా ఆయన ఏస్తాన్నాడు. ఆయన పోయినాక మా అయ్యగారు."

అట్టతో చేసిన నమూనా మిషన్ ఒకటి మాకిస్తారు. ఏజెంట్లందరినీ దగ్గరికి రమ్మని, వాళ్ల ముందే, లోపలికి పోకుండా, ఆమెకు చూపించాను. ఇక్కడ గుర్తు, పక్కన నీలం బొత్తాం, నొక్కితే ఎర్ర లైటు, పక్కన గాజులో చీటీ కనబడి పడిపోతుంది, పెద్దగా కూత వస్తుంది. రెండు మిషన్లు, రెండు కూతలు. ఏది నొక్కాలో నేను చెప్పను, ఎవరూ చెప్పకూడదు. ఆరో తరగతికి భిన్నాలు చెప్పినట్టు చెప్పాను. ఆమె రెండుసార్లు నొక్కి చూసింది.

లోపలికి పోయింది. రాలేదు. ఒక నిమిషం. రెండు. లైనులో ఎవరో విసుక్కున్నారు. ధనంజయ గారు నా వైపు చూశారు. నేను ఎవరినీ తొందరపెట్టనివ్వలేదు. ప్రార్థనకైనా తలుపు వేసుకుంటాం కదా. ఆ అట్టల వెనక ఆమె ఒక్కతే ఉంది, ఎంతసేపైనా ఉండనీ.

కూత వచ్చింది. మళ్లీ చాలాసేపు. రెండో కూత.

బయటికి వచ్చి గది మధ్యలో నిలబడి, "కూసిందిమ్మా! నాకు గూడా కూసింది!" అంది. ఏజెంట్లు కూడా నవ్వారు. మిగతా నలుగురూ నమూనా అట్ట కోసం చేతులు చాచారు.

ఆరుకు పోలింగ్ అయిపోయింది. లెక్క సరిపోయింది. సీళ్లు వేసి, మిషన్లు అప్పజెప్పి ఇంటికి వచ్చాను. ఐశ్వర్య వీడియో ఇవాళ చూశాను. రెండో చరణంలో అరచేయి చూసుకుంది.

మే 19, ఆదివారం

గుడికి వెళ్లాను. ఎవరూ పక్కన కూర్చోలేదు. ఆరాధన అయ్యాక అయ్యగారు కమిటీ నిర్ణయం చెప్పారు. సండే స్కూల్ కొన్నాళ్లు వేరేవాళ్లు చూస్తారట. నాకు విశ్రాంతి కావాలట. నా ముఖం చూడకుండా చెప్పారు.

రిజిస్టరూ చాక్‌పీసుల డబ్బా ఇచ్చేసి వచ్చాను. గొడుగు కూడా.

మే 21

భాను కోపంగా ఉన్నాడు. చిత్తూరులో పెద్ద చర్చి ఉంది, ఏసీ ఉంది, అక్కడికి పోదాం అంటాడు. నేను రాను. నన్ను పొమ్మని దేవుడు చెప్పలేదు. చాప మీద చోటు ఉన్నంతవరకు అక్కడే కూర్చుంటాను.

మే 26, ఆదివారం

కూర్చున్నాను.

జూన్ 2, ఆదివారం

ప్రభు సంస్కారం. రొట్టె ఇచ్చేటప్పుడు అయ్యగారి చెయ్యి నా దగ్గర ఆగింది. తర్వాత ఇచ్చారు. ఆ ఆగడం నేనొక్కదాన్నే చూశాను. ఆయన కుడివేలి గోరు మీద సిరా ఇంకా పోలేదు.

జూన్ 4, మంగళవారం

ఫలితాలు. వీధిలో టపాకాయలు. నాయన టీవీ సౌండు తగ్గించాడు.

జూన్ 23, ఆదివారం

ఆ నాయకుడు అయ్యగారి ఫోన్ ఎత్తడం లేదట. గెలిచాడా ఓడాడా అన్నది నేను రాయను. ఫోన్ మాత్రం ఎత్తడం లేదు. కొందరు పెద్దలు నా వల్లేనని అంటున్నారట, భానుతో ఎవరో అన్నారు. అయిదు ఓట్ల వల్ల! మ్యాథ్స్ టీచర్‌తో అనాల్సిన మాట కాదు.

కానీ రాత్రంతా అమ్మ గుర్తొచ్చింది. ఒకవేళ నా వల్లే అయితే?

జూలై 7, ఆదివారం

నెలకొకసారి సంస్కారానికి ఎర్రమిట్టవాళ్లు ఇక్కడికే వస్తారు. నాగులమ్మ వచ్చి, అందరి ముందు, నా చాప మీద కూర్చుంది. కాళ్లు చాపుకుని. ఆరాధన అయ్యాక అడిగింది.

"మేడమ్మా, ఆ మిషను నా మాట ఇన్నాది గదా. సమాధుల జాగా గురించి ఎవురికి సెప్పుకుంటే ఇంటారు?"

సర్కారుకు ఏమివ్వాలో ట్రైనింగులో చదివాను, దేవునికి ఏమివ్వాలో చిన్నప్పటినుంచి విన్నాను. సర్కారు మనకివ్వాల్సింది ఏదన్నా ఉంటే మధ్యలో ఎవరూ లేకుండా మనమే అడగొచ్చునని నాకు తోచనే లేదు. మూడేళ్లుగా తోచలేదు.

సోమవారం సోమవారం చిత్తూరు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారని చెప్పాను. ఎప్పుడు పోదాం అంది.

జూలై 15, సోమవారం

హాఫ్ డే సీఎల్ పెట్టాను. అర్జీ నేనే రాశాను, ఊరివాళ్ల పేరుతో. ఎర్రమిట్ట, ఇరవై మూడు సంతకాలు, పద్దెనిమిది వేలిముద్రలు. మొదటి ముద్ర నాగులమ్మది. పంకజాక్షమ్మ వేలు నేను పట్టుకుంటే విదిలించుకుని, కాగితం యాడుండాదో చూపించు చాలు, నేనే పెడతా అంది.

అందరం బస్సులో పోయాం. ఆఫీసరు ఎదుట నాగులమ్మకు మాట తడబడలేదు. "సచ్చినాక పడుకునేదానికి ఆరడుగులు అడగతాండాం సామీ. బతికుండేదానికి ఏమీ అడగలే." ఆయన కంప్యూటర్‌లో ఎక్కించి రసీదు ఇప్పించాడు. తహశీల్దారుకు పంపుతారట.

ఆగస్టు 20

తహశీల్దారు ఆఫీసు నుంచి ప్రశ్న. మీకు స్థలం అవసరమని ఆధారం ఏమిటి? ఎంతమంది చనిపోయారు, ఎక్కడ పూడ్చారు? ఆధారం ఒకటే ఉంది. అయ్యగారి దగ్గర ఉండే మరణాల రిజిస్టర్.

నేను అడగాలి. అడుగుతాను.

ఆగస్టు 22, గురువారం

అడగనక్కర లేకపోయింది. సాయంత్రం ఆయనే వచ్చారు. చంకలో రిజిస్టర్. నాయన కుర్చీ వేశాడు. టీ ఇస్తే అది ఆయన చేతిలోనే చల్లారింది.

నాగులమ్మ ఆయన ఇంటికి పోయి అడిగిందట. అడగడం కూడా కాదు, నిలదీసిందట. మా అందరికీ నోరుండాది అయ్యగారూ, నీకు పుస్తకం ఉండాది, రెండూ కలిపితే పని అయిపోతాది అందట.

ఆయన రిజిస్టర్ తెరిచారు. 1998 నుంచి, రెండు సంఘాలవీ కలిపి, నలభై ఒక్క పేర్లు. ప్రతి పేరు పక్కన వంక గట్టు, వంక గట్టు, వంక గట్టు. ముప్పై ఆరోది అమ్మ.

"ఆ పొద్దు మీ అమ్మ పేరు నేను ఎత్తకుండా ఉండాల్సింది," అన్నారు. "వాళ్లకు కండ్లుండాయని నాకు తెల్సు నిస్సీ. నేనే లేవనుకుంటి."

నాయన ఆయన టీ మళ్లీ వేడి చేసి తెచ్చాడు.

సెప్టెంబరు 9, సోమవారం

అయ్యగారు కాలనీవాళ్లతో కలిసి తహశీల్దారు ఆఫీసు లైనులో రెండు గంటలు నిలబడ్డారట. ఎవరో పాస్టరుగారూ ముందుకు రండి అంటే, ఇది నాగులమ్మ లైను, నేను ఆమె ఎనకాల అన్నారట. ధనంజయ గారు ఏదో పనిమీద అక్కడికి పోయి చూసి నాకు ఫోన్ చేశారు.

అక్టోబరు 5, శనివారం

సర్వేయరు వచ్చాడు. అరవై సెంట్లు అడిగాం. పక్క రైతు వెంకటముని తన గేదెలు తరతరాలుగా అక్కడే మేస్తున్నాయని కొలత గొలుసుకు అడ్డం నిలబడ్డాడు. అయ్యగారు అతనితో వాదించలేదు. గేదెల దారి వదిలేసి కొలవమన్నారు. నలభై రెండు సెంట్లు మిగిలాయి. నాలుగు మూలలా రాళ్లు వేశారు.

నాయన కూడా వచ్చాడు. రాళ్ల మధ్య అటు నుంచి ఇటు ఒకసారి నడిచాడు, బస్సు ఎక్కే ముందు టైర్లు చూసుకున్నట్టు. అమ్మకు ఇది పనికిరాదు. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. "మంచి మట్టి" అన్నాడు.

అక్టోబరు 28

సమాధుల స్థలం ఆర్డర్ కాపీ వచ్చింది. సంతకం, సీలు. మూడుసార్లు చదివాను.

నవంబరు 3, ఆదివారం

వాక్యం చదివే టైంలో అయ్యగారు నన్ను లేపారు. ఆర్డర్ కాపీ చేతికిచ్చి, ఇది చదవమన్నారు. చదివాను. సర్వే నంబరు, విస్తీర్ణం. ఉత్తరం బండ్లదారి. దక్షిణం వెంకటముని పట్టా భూమి. తూర్పు గేదెల దారి. పడమర గుట్ట.

ప్రతి దిక్కుకీ ముసలమ్మలు ఆమెన్ అన్నారు.